పదహారువందల ఎనభై పెట్టెలు

పదకొండేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

విశాఖ రేవులో ఓడలకెక్కే సరుకు లెక్కరాసే పని నాది. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. లెక్కలు పెట్టెల్ని చూసే నేర్చుకున్నాను. నాతో పనిచేసిన సూరిబాబు యుద్ధం వద్దంటూ ఒక నవల రాశాడు. అందులో ఒక కళాసీ, ఓడలోకి ఫిరంగి గుండ్ల పెట్టెలు ఎక్కిస్తూ, పెట్టెకు ఒక ఇల్లు కూలుతుందని లెక్కపెట్టుకుంటాడు. షిఫ్టు ముగిసేసరికి ఒక ఊరు మిగలదు. చేతిలోని కొక్కెం పడేసి వెళ్లిపోతాడు. ఆ పెట్టెల అంకె సూరిబాబుకు నేనే ఇచ్చాను.

లైబ్రరీలో పుస్తకం మీద సభ పెట్టారు. ఒక వక్త లేచాడు. "ఈయనగారు ఓడను బీచిలో కూర్చుని చూసినట్టున్నారు. ఒక్క గ్యాంగు, ఒక్క షిఫ్టులో పదహారువందల ఎనభై పెట్టెలా?"

హాలంతా నవ్వింది. యుద్ధం గురించి ఒక్కడూ మాట్లాడలేదు. కూలిన ఇళ్లకు జవాబు చెప్పలేక పెట్టెల దగ్గర పట్టుకున్నారు. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆ నవ్వుకు ముద్ర వేసిందెవరు?

"మీరు రేవు మనిషే కదా, చెప్పండి," అన్నాడు ఆ వక్త నాతో.

ముందు వరసలో మా ఆఫీసరు కూడా నవ్వుతున్నాడు. నా ప్రమోషన్ ఆయన సంతకం కోసం ఆగివుంది.

"కష్టమేనండి," అన్నాను.

బయట మెట్లమీద సూరిబాబు చెప్పులేసుకుంటూ అడిగాడు. "లెక్క తప్పయిందేటి బావా?"

"నాను సరిగ్గా సూడనేదు."

"ముందే సెప్పొచ్చు గదా. పోన్లే, మార్సేత్తాను."

మార్చేశాడు. రెండో ముద్రణలో ఆరువందలు. ఊరు కాస్తా పేట అయింది. తర్వాత అతను మరేమీ రాయలేదు. నిరుడు పోయాడు.

భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. మెట్లమీద ఆఫీసరు లేడు కదా? అక్కడ ఎవరికి భయపడ్డాను? పిరికివాడిగా కనపడటం కంటే లెక్క తప్పినవాడిగా కనపడటమే నయమనుకున్నాను. అందుకు అతని పుస్తకాన్ని ఖర్చుపెట్టాను.

మొన్న టీవీలో ఎక్కడో ఒక ఊరు నేలమట్టమైంది. ఎన్ని పెట్టెలు పట్టాయని ఆ నవ్వినవాళ్లెవరూ అడగరు.

తాడుకట్టి ఒకసారి లేపేది పదహారు పెట్టెలు. గంటకు పదిహేనుసార్లు. భోజనం విరామం పోగా ఏడు గంటలు. మీరే వేసి చూసుకోండి.

లెక్క సరైనదే. ఆ రోజు కూడా నాకు తెలుసు.