ఒన్ టన్ బండి టైమింగ్

మధ్యాహ్నం రెండింటికి సరిహద్దు సైనిక పోస్టు చేరాం. పదకొండు వేల అడుగుల ఎత్తు. రాళ్లు, మంచు. చెట్టన్నది లేదు. నేను డ్రైవర్-మెకానిక్‌ను. బండి పాత పెట్రోల్ ఒన్ టన్ ట్రక్కు. మాది ఎల్లారెడ్డి దగ్గరి దొరల గడీ. గోడలు కూలాయి, పేరు కూలలేదు.

రేడియో ఆపరేటర్‌ది కామారెడ్డి. తల్లి బీడీలు చుడుతుంది. నన్ను చూసి నవ్వాడు.

"ఏంది దొరా, గీ మంచుల పడ్డవ్? నీ బూట్లు ఎవలు తుడుస్తరిక్కడ?"

"నేనే తుడుసుకుంట. నీయి గూడ పట్కరా."

ఆ వారమే ఒక సాయంత్రం షెల్లింగ్ మొదలైంది. మొదటి షెల్ వంటశాల మీద పడింది. వంటవాడు సగమే దొరికాడు. రెండోది బండి పక్కన పడింది. గన్నర్ కడుపు చీలింది. గంటలో కింది ఆసుపత్రికి చేర్చకపోతే దక్కడు.

అతన్ని వెనక ఎక్కించి హ్యాండిల్ తిప్పితే ఇంజన్ ఎదురు తన్నింది. బానెట్ పక్క రెక్క ఎత్తాను. ఇంజన్‌లో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో నిర్ణయించే డిస్ట్రిబ్యూటర్ బిగింపు విరిగి, పక్కకు తిరిగిపోయింది. చీకటి పడింది. టైమింగ్ చూసే బల్బు వెలిగించకూడదు; వెలుతురు కనిపిస్తే అక్కడే షెల్ పడుతుంది.

"బీడీ కట్ట కాగితం ఇయ్యి."

ఆపరేటర్ ఇచ్చాడు. హ్యాండిల్‌తో ఇంజన్‌ను గుర్తు దగ్గరికి తిప్పాను. డిస్ట్రిబ్యూటర్ లోపల కలిసి విడిపోయే పాయింట్ల మధ్య కాగితం పెట్టి, మెల్లగా లాగుతూ డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పాను. కాగితం జారి వచ్చింది. పాయింట్లు విడిపోయాయి. రవ్వ పడే చోటు అదే. ఎత్తులో గాలి పలచన కనుక ఇంకొంచెం ముందుకు జరిపాను. ఇంజన్ అందుకుంది. తీగతో కట్టాను. అదురుకు జారింది. చేత్తో పట్టుకోవలసిందే.

ఆపరేటర్ మడ్‌గార్డ్ మీదికెక్కి తాడుతో నడుం కట్టుకున్నాడు. మెడలోని మఫ్లర్‌తో చేతిని డిస్ట్రిబ్యూటర్‌కు చుట్టుకున్నాడు.

"మా తాత మీ గడిల లాంతరు పట్టిండు. నేను గీ డబ్బా పడ్త. పోనియ్యి, దొరా!"

మూడో మలుపులో షెల్ పడింది. అద్దం పగిలి ముఖాన కొట్టింది.

"ఓయ్, ఉన్నవా?"

జవాబు లేదు. ఇంజన్ మాత్రం తడబడలేదు. అంటే పట్టు వదల్లేదు. నేను ఆపలేదు.

కింద ఆసుపత్రి దగ్గర గన్నర్‌ను దించారు. బతికాడు. నేను దిగి ముందుకు వెళ్లాను. షెల్ ముక్క తగిలి ఆపరేటర్ మెడ సగం తెగి ఉంది.

సెలవులో కామారెడ్డి వెళ్లాను. మా ఇంటివాళ్లెవరూ తొక్కని గడప తొక్కి, అతని తల్లి ముందు నిలబడ్డాను.

"మా పోరడు ఏం జేసిండు బిడ్డా?"

"బండి ఆయనే నడిపిండు, అవ్వా."

ఆమెకు చెప్పనిది ఒకటుంది. ఆ రాత్రి మఫ్లర్ కోసి, డిస్ట్రిబ్యూటర్ మీద బిగుసుకున్న అతని వేళ్లు ఒక్కొక్కటే విప్పాను. చివరి వేలు విప్పేదాకా ఇంజన్ నడుస్తూనే ఉంది.