మా అక్క ముఖాన లేని గుడ్డ

మొన్న మనవరాలి పుట్టినరోజని పిల్లలు నన్ను గుంటూరు బైపాసు మీద కొత్తగా పెట్టిన హోటలుకు తీసుకెళితే, చేయి కడుక్కుని వస్తూ గోడ మీద ఉన్న పెద్ద బొమ్మ ముందు నిలబడిపోయాను. మిరప కళ్లం, ఎర్రగా ఆరబోసిన కాయలు, వాటి మధ్య నవ్వుతూ కూర్చున్న ఓ పడుచుపిల్ల. ఆ పిల్ల మా అక్క. గీసినవాడు ఒకప్పటి నా ప్రాణస్నేహితుడు. ఇన్నేళ్లూ ఆ బొమ్మ ఎక్కడుందో తెలియక నిమ్మళంగా ఉన్నాను, ఆ పూట మాత్రం అన్నం సహించలేదు.

మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, కళ్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ముక్కూ నోరూ కలిపి పాత చీరగుడ్డ బిగించి కట్టుకునేవాళ్లు, ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారుతుంటే చేత్తో తుడుచుకునే వీల్లేక భుజానికి రాసుకునేవాళ్లు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. పొద్దుగూకి ఇంటికొచ్చి నాకు అన్నం కలపబోయి, తన చేతుల మంట నా నోటికి ఎక్కడ తగులుతుందోనని గరిటెతో కలిపేది. అక్క చేతి ముద్ద ఎట్లా ఉంటుందో నాకు తెలియదు.

బొమ్మలు నేర్చుకుంటూ సెలవులకు వచ్చిన నా స్నేహితుడు రోజూ కళ్లం పక్కన కూర్చుని అక్కను గీశాడు. పూర్తయ్యాక చూస్తే గుడ్డ లేదు, చెమట లేదు, పైగా ఎక్కడా లేని ఓ నవ్వు ఉంది. అక్క చాలాసేపు చూసి, "ఈ పిల్లకి ఘాటు తగలదంట్రా?" అని మాత్రం అంది. నాకు ఒళ్లు మండింది. గుడ్డ గీయమన్నాను. మొహం కనపడకపోతే ఇక బొమ్మెందుకని వాడు, గుడ్డ కట్టుకున్న మనిషికి మొహం ఉండదా అని నేను. ఆ రోజుతో మా మధ్య మాటల్లేవు. తర్వాత కొన్నేళ్లకే అక్క దగ్గి దగ్గి పోయింది. వాడు పలకరింపుకు వస్తే నేను అరుగు దిగలేదు.

హోటలువాళ్ల దగ్గర వాడి నంబరు తీసుకుని ఫోన్ చేశాను. మర్నాడే హోటలుకు వచ్చాడు, జుట్టంతా నెరిసి, భుజాన ఆ రోజుల్లోలాగే గుడ్డసంచీతో. ఆ బొమ్మ కిందే కూర్చున్నాం.

"ఏరా, ఇంకా అదే కోపమా?" అన్నాడు.

"అదే."

కష్టం చూడాలంటే కళ్లానికే పోవచ్చు, బొమ్మ దాకా రానక్కర్లేదని, బతుకు ఇవ్వనిది ఇవ్వడమే చిత్రకారుడి పనని చాలాసేపు చెప్పాడు. బాగా చెప్పాడు కూడా, అందుకే మరింత మండింది.

"మీ అక్కకి లేని నవ్వు నేనిచ్చాన్రా."

"ఎవడిమ్మన్నాడ్రా నిన్ను? నా కళ్లముందే గుడ్డ గీసిపో."

కాదంటాడనుకున్నాను. వాడు సంచీలోంచి కాగితం, పెన్సిలు తీశాడు. "సరే, గుడ్డ గీస్తా. నవ్వూ తప్పంటున్నావుగా, అసలు నవ్వు ఎట్టా ఉండేదో చెప్పు, అదీ దిద్దుతా."

చెబుదామని కళ్లు మూసుకున్నాను. ఇంటికొచ్చి గుడ్డ విప్పేది, నా ఎదురుగా కూర్చునేది, ఎన్నిసార్లు నవ్వి ఉంటుందో. ఉన్న ఒక్క ఫోటో తుపాను వానకు తడిసి పాడైపోయింది. ఎంత వెతికినా వాడు గీసిన నవ్వే కనిపించింది. లేచి వచ్చేశాను.

ఇప్పుడు కళ్లాల్లో ఆడవాళ్లు మందులషాపు మాస్కులు పెట్టుకుంటున్నారు. ఆ హోటల్లో పిల్లలు మా అక్క పక్కన నిలబడి, ఆమెలాగే నవ్వుతూ సెల్ఫీలు దిగుతున్నారు. వాడు గుడ్డ తీసేసినందుకు ఎప్పటికైనా క్షమించేవాణ్ణేమో. కానీ ఇంట్లో మా అక్క నవ్వింది నా కోసం. ఆ నవ్వును నా దగ్గర లేకుండా చేశాడు.