ఎనభైలో పోయే మా బావ జీపు

పోయిన నెల భీమ్‌గల్‌లో ఒక పెళ్లికి మా మేనల్లుడు తన కొత్త కారులో తీసుకెళ్లాడు. ముందు సీటులో వాళ్ల నాన్న, అంటే మా అక్క మొగుడు, నాకు బావ. వెనక నేను. ఈ కాలపు కార్లలో స్పీడు చూపే ముల్లూ గిల్లూ ఏమీ లేవు, అద్దం మీద అంకెలే పడుతుంటాయి. కాస్త తొందరపడితే బండే టింగుటింగుమని మొత్తుకుంటుంది. బావ ఆ అంకెల వైపు చాలాసేపు చూసి, గొంతు సవరించుకుని అన్నాడు: "గిదేం స్పీడు రా? మన జీపు ఎనభైకి తక్కువ పోతుండెనా?" మేనల్లుడు నవ్వాడు. నేను కిటికీలోంచి పసుపు చేల వైపు చూస్తూ కూర్చున్నాను. ముసలివాణ్ని పెళ్లికి పోతూ పోతూ ఏమంటాం? అక్కడ అనలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల చివర్లో, పసుపుకు మంచి ధర పలికిన ఏడు, బావ వేలంలో ఒక పాత జీపు కొన్నాడు. పైన టార్పాలిన్ చిరుగులు, సీట్లలోంచి బయటికి తొంగిచూసే కొబ్బరిపీచు, పొద్దున లేవాలంటే వెనక నుంచి నలుగురి తోపుడు. ఇవేవీ ఆయనకు లోపాలుగా తోచలేదు. ఆయన దిగులల్లా స్పీడోమీటర్ పనిచెయ్యకపోవడం. దాని ముల్లు కొన్న రోజు నుంచీ సున్నా మీదే పడుకుని ఉంది. ఈ దిగులు వెనక సంగతి వేరే. మా బావకు వేగమంటే ప్రాణభయం. ఎక్కడో ఫర్లాంగు దూరంలో బర్రె కనిపిస్తే ఇక్కడ బ్రేకు తొక్కేవాడు. మా ఆర్మూర్‌లో అప్పట్లో దూరాన్ని బీడీలతో చెప్పుకునేవాళ్లు. వేల్పూర్ ఎంత దూరమంటే రెండు బీడీల దూరం అనేవాళ్లు. బావ జీపులో అయితే కట్ట మొత్తం అయిపోతుందని హోటలు ముందు కూర్చున్నవాళ్లు నవ్వుకునేవాళ్లు, అది ఆయన చెవిన పడింది. ఆ నవ్వును మింగలేడు, యాక్సిలరేటరును తొక్కలేడు. అలాంటి మగాడికి మిగిలిన దారి మీటరు బాగు చేయించుకోవడమే.

"వట్టిగొడ్డుకు అరుపులెక్కువ బిడ్డా," అనేది మా అమ్మ, అల్లుడికి అన్నం వడ్డించి వంటింట్లోకి వచ్చాక, నాకు మాత్రమే వినపడేలా. అక్క ముందు మాత్రం ఒక్క మాట తూలేది కాదు.

బావ నిజామాబాద్ పాతసామాన్ల కొట్లన్నీ గాలించి, ఇంకేదో బండిది ఒక మీటరు, దానికో కేబులు పట్టుకొచ్చాడు. బస్టాండు పక్కన మెకానిక్కు జీపు కింద దూరి, ఒకటి బిగిస్తే రెండు ఊడిపోతుంటే, పొద్దంతా దానితో కుస్తీ పట్టాడు. ఆ పూట అక్క పంపిన సద్ది తీసుకెళ్లింది నేనే కాబట్టి ఈ ముచ్చట కళ్లారా చూశాను. మెకానిక్కు కిందినుంచి లేవకుండానే అన్నాడు: "పటేలా, గీ మీటరుకు నీ గేర్‌బాక్సుల పండ్ల చక్రం కలవది. నలభైల పోతే ఎనభై చూపెడ్తది. గది గూడ మార్చాలె." బావ కాసేపు తీవ్రంగా ఆలోచించాడు. మా బావ ఆలోచించడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఎక్కువ చూపెడితే నష్టమేందిరా? తక్కువ చూపెడితే గదా బాధ," అన్నాడు. "నీ బండి, నీ ఇష్టం," అని మెకానిక్కు బీడీ ముట్టించుకున్నాడు. వాడికీ ఒక పని తప్పింది.

ఇక ఆయన వైభవం చూడాలి. ఎవరు జీపెక్కినా ముందు సీట్లో కూర్చోబెట్టుకుని "ముల్లు జూడు" అనేవాడు. వాళ్లూ ముల్లే చూసేవాళ్లు. బయట చెట్లు తాపీగా వెనక్కి నడిచిపోతుంటే, లోపల ఇనుపరాడ్డు గట్టిగా పట్టుకుని, ఎనభైలో వచ్చామని దిగినచోటల్లా చెప్పేవాళ్లు. కళ్లకన్నా గాజుబిళ్ల మీద నమ్మకం ఉన్న జనం. మొదట్లో బావ ఆ మాట అంటూ నా వైపు చూసి కన్నుగీటేవాడు. పోనుపోను ఆ కన్నుగీటడం పోయింది. ముల్లు ఎనభై తాకగానే నుదుటి మీద చెమట పట్టి, కాలు దానంతటదే పైకి లేచేది. అబద్ధాలకోరుకు కనీసం తెలివైనా ఉంటుంది. తన అబద్ధాన్ని తానే నమ్మి వణికేవాడికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత కొన్నేళ్లకు, పసుపు ఉడకబెట్టే రోజుల్లో, అమ్మకు ఆయాసం ముదిరితే అన్న నిజామాబాద్ దవాఖానలో చేర్పించాడు. అక్కా నేనూ స్నానాలు చేసి, సద్ది కట్టుకుపోదామని దవాఖాన నుంచి ఆర్మూర్ వచ్చాం. ఇంకా పొయ్యి వెలిగించలేదు, ఎదురుగా ఉన్న పసుపు దుకాణానికి అన్న ఫోన్ చేశాడు. అమ్మ పెద్దదాన్ని అడుగుతున్నది, జల్ది రమ్మను అని. "నా నోట్ల ఆఖరి నీళ్లు నువ్వే పొయ్యాలె" అని అమ్మ అక్కతో ఎప్పుడో మాట తీసుకుంది. అక్క ఏడవలేదు. చిన్న చెంబులో తులసి నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టి, నా చెయ్యి పట్టుకుని బస్టాండుకు పరుగెత్తింది.

నిజామాబాద్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కబురు విన్న పక్కింటి అత్త అప్పటికే ఎక్కి మాకు సీట్లు ఆపింది. మేము మెట్టు మీద కాలు పెట్టేలోగా బావ జీపు తెచ్చి అడ్డంగా ఆపాడు. "బస్సా? ఎనభైల పోయే బండి ఇంట్ల పెట్టుకొని బస్సెక్కుతరా? నల్గురు ఏమనుకుంటరు?" అక్కడ మా అమ్మ ప్రాణం పోతుంటే ఆయనకు నలుగురు కనిపించారు. అక్క బస్సును చూసింది, చుట్టూ నిలబడ్డ జనాన్ని చూసింది, జీపెక్కింది. అంతమందిలో మొగుడికి ఎదురుచెప్పే అలవాటు అక్కకు లేదు.

మామిడిపల్లి దాటాక వెనక నుంచి ఆ బస్సే హారన్ కొట్టుకుంటూ వచ్చి మమ్మల్ని దాటేసింది. కిటికీలోంచి అత్త, తొందరగా రండని చెయ్యి ఊపింది.

"ఏమయ్య, జర తొక్కు," అంది అక్క.

"ఎనభైల ఉన్న. ఇంకెంత తొక్కాలె? పల్టీ కొడ్తది."

"గా ముల్లు అబద్ధమని నీకెర్కే గదా."

ఆయన వేలు చాచి మీటరు చూపించాడు. "బావా, నీ కాళ్లు మొక్కుత, గా ముల్లు జూడకు, తొవ్వ జూడు," అన్నాను నేను. అయినా ఆయన ముల్లే చూశాడు. దారి పొడుగునా అది ఎనభై దాటలేదు, ఆయన దాటనివ్వలేదు. అక్క చెంబు ఒళ్లో పెట్టుకుని, నీళ్లు తొణక్కుండా రెండు చేతులతో మూసి పట్టుకుంది.

దవాఖాన వరండాలో అన్న నేల మీద కూలబడి ఉన్నాడు. అత్త ఎదురొచ్చి అక్కను పట్టుకుంది. "ఇప్పుడే పోయింది బిడ్డా, పావుగంట గూడ కాలే. నీ పేరే తీసింది. నేనే ఇన్ని నీళ్లు పోసిన." అక్క లోపలికి వెళ్లి గుడ్డ విప్పి, తను తెచ్చిన నీళ్లు అమ్మ పెదాల మీద పోసింది. అవి చెంప మీదుగా దిండులోకి జారిపోయాయి. దినాల నాడు బంధువుల మధ్య కూర్చుని మా బావ అన్నాడు: "ఎనభైల ఉరికించిన. ఏం జేస్తం, మన చేతుల లేదు." వడ్డిస్తున్న అక్క విన్నది. నేనూ విన్నాను. ఆయనంటే నాకు అంతకుముందు నవ్వులాట. ఆ విస్తరి ముందు నుంచి అసహ్యం.

అక్క మళ్లీ ఆ జీపు ఎక్కలేదు. సిరికొండలో చుట్టాలింటికైనా, ఎవరి పెళ్లికైనా, జీపు వాకిట్లో ఉండగానే సంచి పట్టుకుని బస్టాండుకు నడిచేది. బావ ఒక్కడే జీపులో బయల్దేరి, ఎనభైలో వచ్చి దిగేసరికి, అక్క పెళ్లివారింట్లో సగం కూరగాయలు తరిగేసి ఉండేది. ఆమెను ఎందుకని ఆయన ఏనాడూ అడగలేదు. మీటరు మార్పించనూ లేదు. చివరికి బండిని పాత ఇనుముకు తూకం వేసినప్పుడు, కొన్నవాడికి కూడా దాని స్పీడు గురించి చెప్పి పంపాడు.

తర్వాత ఏళ్లకేళ్లు ఎటు పోయాయో తెలియకుండా గడిచిపోయాయి. ఆ పావుగంట మాత్రం మా అక్కకు ఇంకా గడవలేదు.