మీగడ రంగు సీటు

నాకు మా ఆయన కారు మీద కుళ్లు. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడే వయసు దాటిపోయాను. సాటి మనిషిని చూసి ఓర్వలేకపోతే నలుగురూ ఎంతో కొంత అర్థం చేసుకుంటారు. ఇనుమును చూసి ఓర్వలేకపోతున్నానంటే నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ ఇనుము వాళ్ల వాకిట్లో లేదు.

మేముండేది సిద్దిపేటలో. మా ఆయనకు బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. నేను చిన్నకోడూరు దగ్గర బడిలో టీచరుని. రోజూ బస్సులో పోయి బస్సులో వస్తాను. వాకిట్లో కారున్న ఇంటి ఆడది బస్సుకోసం ఎందుకు ఉరుకుతుందని మా వీధిలో చాలామందికి అనుమానం. వాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది.

ఆ కారు మా ఇంటికి తొగుట వైపు నుంచి వచ్చింది. మల్లన్నసాగర్ జలాశయం కింద మునిగే ఊళ్లు ఖాళీ అవుతున్న రోజులు. ఒక పెద్దాయన ఇల్లు విడిచిపోతూ బోరు మోటారు విప్పాలని కబురు పెడితే మా ఆయన పోయాడు. ఆ ఇంటి పశువుల కొట్టంలో, గడ్డి మోపుల వెనుక, రెండే తలుపులున్న పాతకాలపు కారు కనిపించిందట. "కొత్త ఇంట్ల దీనికి జాగ లేదు బిడ్డా. మంచిగ చూసుకుంటనంటే తీస్కపో" అన్నాడట ఆ పెద్దాయన. పొద్దున మోటారు విప్పడానికి పోయిన మనిషి సాయంత్రం ట్రాక్టరు వెనుక కారును కట్టుకొని వచ్చాడు. టైర్లలో గాలి లేదు, అద్దాలు లేవు. వెనుక సీటులో కోడి పొదిగినట్టుంది, ఈకలు ఇంకా అక్కడే ఉన్నాయి.

దాన్ని చూసి మొదట నాకు జాలే కలిగింది. ఊరు పోయి, కొట్టం పోయి, మా వాకిట్లో నిలబడింది పాపం అనుకున్నాను. ఆ రోజు మా ఆయన మంచి హుషారుమీదున్నాడు. ఊడిపోయేటట్టున్న తలుపు మీద చేయి వేసి అన్నాడు: "దీన్ని జర మంచిగ చేస్త. అయినంక ముందు సీట్ల ఫస్ట్ నిన్నే కూసోబెట్టుకొని మీ తల్లిగారింటికి తీస్కపోత."

మా తల్లిగారిది బెజ్జంకి. మా ఆయన అంతకుముందు నాకు పెద్దగా ఏ ఆశా పెట్టిన మనిషి కాదు. అందుకే ఆ మాట నమ్మాను. నమ్మి మురిసిపోయాను. నాకు కారు అక్కర్లేదు, దాని ముందు సీటు కావాలి. మా అవ్వ గడప ముందర అందులోంచి దిగాలి. నా కోరిక అంతే.

"అయినంక" అన్న మాట ఎంత పెద్దదో నాకప్పుడు తెలియదు. ముందు పాత ఇంజన్‌కే ప్రాణం పోశాడు. కదిలింది. ఇక పోదామా అంటే, దమ్ము లేదన్నాడు. ఎక్కడెక్కడో తిరిగి పెద్ద ఇంజన్ తెచ్చి పెట్టించాడు. ఇంజన్ పెద్దదయ్యాక పాత బ్రేకులు ఆపలేవట, బ్రేకులు మార్చాడు. కొత్త బ్రేకులు పాత చక్రాల్లో పట్టలేదు, వెడల్పు చక్రాలు వచ్చాయి. ఆ చక్రాలు లోపల తగులుతున్నాయని పక్క రేకులు కోయించాడు. కోసిన రేకులు అతికాక రంగు పోయింది, మళ్లీ రంగు. ఒకటి బాగుచేస్తే ఇంకోటి పాతగా కనబడేది. ఏటేటా పండగలు వచ్చిపోతున్నాయి, నేను బస్సులోనే బెజ్జంకి పోయి వస్తున్నాను.

"అయిపోయిందా?" అని అడిగితే, "అయినట్టే. సైలెన్సర్ ఒక్కటే" అనేవాడు. ఆ సైలెన్సర్ రెండు గొట్టాలై వచ్చింది. ట్రయలంటూ ఆదివారం సాయంత్రాలు బయటికి తీసేవాడు. ముందు సీట్లో నేను కాదు, ఆయన దోస్తు. చప్పుడు వినడానికి మనిషి కావాలట. నాకు చెవులు లేవా?

ముదురు ఎరుపు రంగు వేశాక దాని దశే మారిపోయింది. పిల్లలు దాని ముందు నిలబడి ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు. పెండ్లివాళ్లు బరాత్‌కు అడుగుతారు. అంగడికి పోతే నన్ను "గా ఎర్ర కారాయన భార్య" అంటున్నారు. పిల్లలకు అక్షరాలు నేర్పుతూ జుట్టు నెరిసిన మనిషిని, నా గుర్తింపు కూడా అది లాక్కుంది. సవతి ఉన్నవాళ్లకైనా కొట్లాడటానికి ఎదురుగా ఒక నోరుంటుంది. దీన్ని తిడితే ఏం చేస్తుంది, మెరుస్తుంది.

నాకు దగ్గు పట్టుకొని నెలంతా వదలకపోయినా మా ఆయనకు వినపడలేదు. ఆ కారు ఎక్కడో సన్నగా కిర్రుమంటే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నా కళ్లద్దాల కాడ విరిగితే దారం చుట్టుకొని బడికి పోయాను. దాని గుండ్రటి దీపాల కోసం హైదరాబాద్ రెండుసార్లు పోయి వచ్చాడు. ఇవన్నీ చిన్న సంగతులని నాకూ తెలుసు. కానీ మంట చిన్నది కాదు.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి కారును తళతళా తుడుస్తున్నాడు. చేతిలో గుడ్డ తెలిసిన గుడ్డలా ఉంది. దగ్గరికి పోయి చూస్తే, నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మల అంచు. మా అవ్వ నాకు పెట్టిన గొల్లభామ చీర, కట్టి కట్టి మెత్తబడితే పెట్టె అడుగున దాచుకున్నది, నిలువునా చించాడు.

"గదేందయ్యా, నా చీర!"

"పాతదే గదనే. కాటన్ మెత్తగున్నది, గీతలు పడవు" అన్నాడు, చేయి ఆపకుండానే.

ఆ రోజు అన్నం వండలేదు. ఆయన హోటల్ నుంచి తెచ్చి పెట్టాడు, నేను ముట్టలేదు. చీర చింపినందుకు ఏడ్చానా, ఆ గొల్లభామ చేతనే దాని ఒళ్లు రుద్దించినందుకు ఏడ్చానా అంటే, రెండోదానికే.

అంతలో మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఈ ఏడు నీకు ఒడిబియ్యం పోస్తున్నం. బావను గూడ తోల్కరా." ఒడిబియ్యమంటే మా దిక్కు ఆడబిడ్డకు పెద్ద గౌరవం. పెండ్లయిన కొన్నేళ్లకొకసారి, బేసి సంవత్సరంలో, తల్లిగారు పిలిచి పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోసి పంపుతారు. భార్యాభర్తలిద్దరూ పీటల మీద కూర్చోవాలి. ఈసారి మా ఆయన తప్పించుకోవడానికి లేదు. పైగా కారు సీట్లు అప్పుడే కొత్తగా కుట్టించాడు, మీగడ రంగు రెక్సిన్‌తో. "ఇగ అయిపోయింది. కార్లనే పోదాం" అని ఆయనే అన్నాడు.

ఎట్టకేలకు ముందు సీట్లో కూర్చున్నాను. పట్టుచీర కట్టుకొని, చేతులనిండా గాజులు వేసుకొని, కరీంనగర్ రోడ్డు మీద గాలి ముఖానికి కొడుతుంటే ఇన్నేళ్ల కోపం చాలావరకు దిగిపోయింది. ఏదో మాట కలపబోయాను. "ఆగాగు, ఏదో గలగలమంటుంది" అన్నాడు. కారు పక్కకు ఆపి బానెట్ తెరిచాడు, కిందికి వంగి చూశాడు. చివరికి తేలిందేమిటంటే, తలుపుకు తగులుతున్న నా గాజులు. మిగతా దారంతా చేతులు ఒళ్లో కట్టుకొని కూర్చున్నాను. అయినా నోరెత్తలేదు, ఎందుకంటే మా అవ్వ గడప ముందర అందులోంచే దిగాను. వాడకట్టంతా చూసింది.

పూజ బాగా జరిగింది. మా అవ్వ, మరదలు, వాడకట్టు ముత్తయిదువలు దోసిళ్లతో బియ్యం పోశారు. పసుపు, నూనె కలిపిన బియ్యం, అందులో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు. కొంగు బిగించి నడుముకు కట్టారు. మా ఇంటి పద్ధతి ప్రకారం, అత్తగారింట్లో దేవుని ముందర కూర్చునేదాకా ఆ ఒడి విప్పకూడదు. అవ్వ కళ్లనిండా నీళ్లు పెట్టుకొని నన్ను సాగనంపడానికి కారు దాకా వచ్చింది.

మా ఆయన ముందు సీటు తలుపు తెరిచి నిలబడ్డాడు. ఆహా, అనుకున్నాను. ఆ తర్వాత చూస్తే సీటు మీద ఖాళీ యూరియా సంచి పరిచి ఉంది.

"ఏందది?"

"పసుపు, నూనె గదా. రెక్సిన్‌కు పట్టుకుంటె పోదు. జర దాని మీద కూసో."

వాడకట్టు ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. మా మరదలు తల దించుకుంది. మా తమ్ముడు "బావా..." అని ఆగిపోయాడు. మా అవ్వ మాత్రం నా ఒడి వైపు చూసింది, సంచి వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆమె ఏమైనా అని ఉంటే నేను కూర్చునేదాన్నేమో. నేను తలుపు ధడేలుమని వేసి నడిచాను.

ఒళ్లో బియ్యం బరువు, పట్టుచీర, మిట్టమధ్యాహ్నం. దారిలో ఒక ముసలమ్మ "ఏమైంది బిడ్డా, కారు ఖరాబైందా?" అని అడిగింది. "కారు మంచిగనే ఉన్నదవ్వా, నేనే ఖరాబైన" అన్నాను. సిద్దిపేట బస్సు వచ్చింది, ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి కోపానికి పైసా ఖర్చు కాలేదు.

కాసేపటికి బస్సు వెనుక ఆ రెండు గొట్టాల చప్పుడు వినబడింది. అందరూ వెనుక అద్దంలోంచి తొంగి చూశారు. నా పక్కనున్న ఆమె నా మోచేయి తట్టింది. "అక్కా, గా కారు జూడు ఎంత ముద్దుగున్నదో! గాయిన పెండ్లానికి ఎంత అదృష్టముండాలె!" నేను కిటికీ వైపు తిరిగాను.

ముందు స్టేజీ దగ్గర బస్సు ఆగేసరికి ఆయన దాటి వచ్చి నిలబడి ఉన్నాడు. బస్సు మెట్టెక్కి, "దిగు" అన్నాడు. నేను కదల్లేదు.

"సంచి తీసిన. దిగు."

"మళ్ల పరుస్తవు."

చేతిలో నలిపి పట్టుకున్న సంచిని అందరూ చూస్తుండగా రోడ్డు కిందికి విసిరేశాడు. కండక్టరమ్మ విసుక్కుంది: "మీ పంచాయితి ఇంట్ల పెట్టుకోండమ్మా. దిగుతవా, రైట్ అననా?" పక్కామె నోరు తెరుచుకొని నన్ను చూస్తుంటే దిగాను.

ఆ సీట్లో కావాలనే కుదురుగా కూర్చోలేదు. అటు జరిగాను, ఇటు జరిగాను. కొంగులోంచి నూనె దిగి, ఇల్లు చేరేసరికి అరచేయంత పసుపు మరక మీగడ రంగు మీద కూర్చుంది. ఆయన చూశాడు. ఒక్క మాట అనలేదు, గుడ్డ తేలేదు, నిమ్మకాయ రుద్దలేదు. లోపలికి పోయి మంచినీళ్లు తాగాడు. ఒడి విప్పేటప్పుడు పక్కనే కూర్చున్నాడు. మరక ఊసెత్తకపోవడం కోపమనే అనుకున్నాను. ఇన్నాళ్లూ అదే అనుకుంటూ వచ్చాను.

మొన్న మళ్లీ సీట్లు మార్చే పని పెట్టాడు, ఈసారి తోలువట. కుట్టే ఆయన వాకిట్లోకి వచ్చి కొలతలు తీసుకుంటున్నాడు. నేను చాయ్ తీసుకొని గడప దాకా వచ్చాను. ముందు సీటు దగ్గర కుట్టే ఆయన ఆగాడు. "అన్నా, ముందుగాల దీన్ని పీకేస్త. మరక బాగ పట్టింది."

"గది ముట్టకు" అన్నాడు మా ఆయన. "మిగతయన్ని మార్చు."

"ఒక్కటి పాతదుంటే చూడనీకె మంచిగుండదే."

"ఉండకపోనీ. గది మరక గాదు, మా ఆమె ఒడిబియ్యం."

ఎంత మెత్తగా అన్నాడో! సంతోషం కలగలేదంటే అబద్ధం. కళ్లు చెమ్మగిల్లాయి కూడా. కానీ దాని వెనుకే పాత మంట లేచింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ గొంతుతో నాతో ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. అప్పుడైనా నా వైపు తిరిగాడా అంటే లేదు. బానెట్ మీద చేయి వేసి, దానికి వినపడేటట్టు చెప్పాడు.