మంగమ్మ రెండో శుక్రవారం

1936 ఆగస్టు. నేను ఏలూరులో టీచర్ ట్రైనింగ్ ముగించి, మండవల్లి దగ్గర కొల్లేటి ఒడ్డు ఊళ్లో ఎలిమెంటరీ బడికి వచ్చి అప్పటికి రెండేళ్లు. అయిదో తరగతిలో సగం వరి రైతుల పిల్లలు, సగం చేపలు పట్టే ఇళ్ల పిల్లలు.

ట్రైనింగులో మాకు డిబేట్ నేర్పారు. అంటే ఒక ప్రశ్న మీద తరగతి రెండు పక్షాలై వాదించుకోవడం. దానికి నేనొక నియమం చేర్చాను. మొదటి శుక్రవారం ప్రతివారూ ఎదుటివారి పక్షం మాట్లాడాలి, రెండో శుక్రవారం తమ పక్షం. ఎదుటివాడి కష్టాన్ని స్వయంగా చెప్పినవాడు దాన్ని మరచిపోడని నా నమ్మకం.

ఆ ఏడు ఊళ్లో ఒకటే రగడ. చేపలవాళ్లు పొలాల నీటిని కొల్లేటిలోకి దింపే మురుగుకాలువకు అడ్డంగా వెదురు తడికలు కట్టి చేపలు పట్టేవారు. వాటివల్ల నీరు లాగక నాట్లు మునుగుతున్నాయని రైతులు అనేవారు. పిల్లలూ దాని మీదే కొట్టుకునేవారు. అందుకే ఆ ప్రశ్నే ఇచ్చాను: తడికలు ఉంచాలా, తీయాలా?

రైతు రాఘవయ్యగారి అబ్బాయి సూర్యం చేపలవాళ్ల పక్షాన లేచి, "తడికలు తీసేస్తే మీకు కూరేదండీ?" అని కూర్చున్నాడు. తరగతి గొల్లున నవ్వింది. తరవాత రైతుల పక్షాన మంగమ్మ లేచింది. పన్నెండేళ్ల పిల్ల. తండ్రి సుబ్బన్నకు కాలువ మీద రెండు తడికలున్నాయి. ఆ పిల్లను మార్చిలో పరీక్షకు కూర్చోబెట్టి ఏలూరు బడికి పంపాలని నా ఆశ.

"తడికకి నాచు పట్టిందంటే అది గోడేనండి. పొద్దున్నే దులపాలి. వేట బాగా పడిన రోజు మీరు దులపరు. ఆ పూట పైన మా నాటు మునుగుద్ది. మీకు అగుపడదు గనక మునగలేదంటారు" అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. గంట కొట్టాక నా దగ్గరకొచ్చి, "వచ్చే శుక్రవారం మా వైపు ఇంతకన్నా బాగా చెబుతానండి. నా దగ్గర మాటలున్నాయి" అంది.

"ఇప్పుడే చెప్పకు. దాచుకో" అన్నాను.

సూర్యం ఆ మాటలు పొల్లుపోకుండా ఇంట్లో అప్పజెప్పాడు. బుధవారం తాసీల్దారు విచారణకు వచ్చారు. రాఘవయ్యగారు అందరి ముందూ, "మేం చెబితే గిట్టక చెప్పామంటారు. దులపరని సుబ్బన్న కూతురే బళ్లో చెప్పిందండి" అన్నారు. తడికలు పీకేయమని ఉత్తర్వు అయింది.

మర్నాడు సుబ్బన్న బడికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పిల్లని ఇంక పంపనండి, పంతులమ్మగారూ. దాని పలక ఇప్పించండి."

"అది పాఠం, సుబ్బన్నా. నిజంగా అన్న మాట కాదు."

"నిజం కాని మాట అంత నిజంగా ఎలా చెప్పిందండి?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "మావాళ్లు నా గుమ్మం తొక్కట్లేదండి. ఇంటి గుట్టు రైతులకి అమ్ముకున్నానంటున్నారు."

"రేపొక్కరోజు పంపు. రేపు అది మీ వైపు మాట్లాడాలి."

"ఎవరి ముందండీ? తాసీల్దారుగారు రేపు మళ్లీ వస్తారాండీ?"

నేను పలక తెచ్చి ఇచ్చాను.

శుక్రవారం డిబేట్ జరిగింది. సూర్యం తన పక్షం బాగానే మాట్లాడాడు. జవాబు చెప్పవలసిన వైపు పిల్లలు తలలు వంచుకుని కూర్చున్నారు. మంగమ్మ పేరు హాజరుపట్టీలో సంక్రాంతి సెలవుల దాకా ఉంచి, తరవాత కొట్టేశాను.

ఆ తరవాత నేను తాడేపల్లిగూడెంలోనూ, మళ్లీ ఏలూరులోనూ చాలా ఏళ్లు పనిచేశాను. డిబేట్ మానలేదు, ఊరి ప్రశ్నలివ్వడమూ మానలేదు. అయితే రెండు పక్షాలూ ఒక్క పూటలోనే ముగించేదాన్ని. ఇంటి గంట కొట్టినా సరే, తన పక్షం చెప్పుకోకుండా ఏ పిల్లనూ గడప దాటనిచ్చేదాన్ని కాదు. చిన్న టీచర్లు ఇంత పట్టింపెందుకని అడిగితే, మాట దాచుకోమని పిల్లలకు చెప్పవద్దని మాత్రం అనేదాన్ని.

తడికల గురించి ఆ తరవాత ఎందరో మాట్లాడగా విన్నాను. మంగమ్మ దగ్గరున్న మాటలేమిటో మాత్రం ఈనాటికీ తెలియదు.