వడ్డన అయింది, దయచేయండి

మా ఇంట్లో ‘దయచేయండి’ అనేది మేము వినే మాట, అనే మాట కాదు. తాతగారు కలప కాంట్రాక్టరు. అడవిలో కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టి సముద్రంలో చాతం రంపపు మిల్లు వైపు లాక్కుపోతుంటే, ఆయన వరండాలో నిలబడి చూసేవారు. భోజనాల వేళకు వంటాయన గుమ్మం దగ్గరికి వచ్చి, “వడ్డన అయింది బాబుగారూ, దయచేయండి” అనేవాడు. అప్పుడే లేవాలి. ఆకలేసిందని ముందుగా వెళ్లి పీట మీద కూర్చోవడం మా ఇంటి మర్యాద కాదు.

ఆ మర్యాదను పూర్తిగా పాటించినవాడు మా అన్నయ్య ఒక్కడే. పుట్టేటప్పుడు ఊపిరి అందక అతని మెదడు ఎదగలేదన్నారు. మనిషి మాత్రం ఆజానుబాహువు. మా వంశంలో అందరిలాగే నడుము నిటారు. మాటలు ఐదారుకు మించి రావు. ఆ పిలుపు వినబడితే భుజం మీద తువ్వాలు సర్దుకుని వచ్చి కూర్చుంటాడు. వినబడకపోతే ఎంత ఆకలైనా రాడు. పిలవని చోట తినకూడదని అతనికి ఎవరో నేర్పారు, అతను మరచిపోలేదు.

అడవి కొట్టడం ఆగింది. వ్యాపారం పోయింది. వంటాయన కన్నుమూశాడు. అప్పటి నుంచి అమ్మే గుమ్మంలో నిలబడి, అదే వరసలో, కన్నకొడుకును “బాబుగారూ” అని పిలిచేది. నాకు అది చూడడం ఇష్టం ఉండేది కాదు. నేను వేరే వేళకు తినేవాణ్ణి.

సునామీ నాటి ఉదయం అన్నయ్య అప్పుడే పీట మీద కూర్చున్నాడు. భూమి ఊగింది. గోడలు బీటలిచ్చాయి. అతను పళ్లెం వైపే చూస్తున్నాడు. కాసేపటికి పల్లంలో అరుపులు, ఆ వెనకే పెరట్లోకి నల్లటి నీళ్లు. నేను అతని రెక్క పట్టుకుని లాగాను. కదల్లేదు. వడ్డన మధ్యలో లేవడం కూడా మర్యాద కాదు మరి. నీళ్లు పీటను తాకాయి. అప్పుడు అమ్మ ఆ ఉప్మా పళ్లాన్ని రెండు చేతులా ఎత్తి, వెనక్కి నడుస్తూ, ఏమీ జరగనట్టే అంది: “బాబుగారూ, ఇవాళ వడ్డన మేడ మీద. దయచేయండి.”

మాకు మేడ లేదు. అన్నయ్య లేచాడు, తువ్వాలు సర్దుకున్నాడు, మోకాలి లోతు నీళ్లలో ఆ పళ్లెం వెంట నడిచాడు. రోడ్డు నిండా జనం పరుగులు పెడుతుంటే మా అమ్మ ముందు, అన్నయ్య వెనక, గట్టు దాకా ఊరేగింపులా వెళ్లారు. ఇల్లూ కలప గోదామూ పోయాయి. నేల కుంగిపోయి, ఇప్పటికీ పోటు వచ్చినప్పుడల్లా మా వసారా ఉండిన చోటికి సముద్రం వచ్చి వెళుతుంది.

తరువాత డైరీ ఫార్మ్ అనే పేటలో అద్దెకు రెండు గదులు. నేను ఒకరి కొట్లో లెక్కలు రాయడానికి కుదిరాను. మా అంతస్తుకు తగిన సంబంధం ఈ దీవుల్లో లేదని నాన్నగారు అనేవారు. ఆయన పోయాక నేనూ అదే అన్నాను. కనుక ఇంట్లో మేం ముగ్గురమే. ఏళ్లు గడిచాయి. అమ్మ స్నానాలగది గుమ్మం దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకునే దాకా, ఆమె లేకపోతే అన్నయ్యకు ఎవరు అన్న మాట మా ఇంట్లో పైకి రాలేదు.

ఆపరేషన్ చేయాలన్నారు ఆసుపత్రిలో. వెంటనే చేరాలి, ఆలస్యమైతే ఇక మంచం దిగదు. ఆడవాళ్ల వార్డులో తోడుగా పక్కవాటా ఆవిడ ఉంటానంది. ఆవిడ వాళ్లది శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబం. మాటలో సగం హిందీ, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక గిన్నె.

అమ్మ ఆసుపత్రిలో ఉండనంది. ఇంటికి తెచ్చి లోపలి గదిలో పడుకోబెట్టించుకుంది.

“మీ అన్న నీ పిలుపుకి తిన్నాకే నన్ను కదపండి,” అంది నాతో. “రేపటి నుంచి నేను పిలవను.”

“వారం పది రోజులకి ఏదో ఒకటి చేస్తానమ్మా.”

“ఏటి చేస్తావ్? నాకు జొరం వచ్చినప్పుడు ఏటి చేసావ్?”

అమ్మ ఒకసారి జ్వరంతో లేవలేకపోయింది. అన్నయ్య రెండు రోజులు మంచినీళ్లు తప్ప ముట్టలేదు. మూర్ఛ మాత్రలు అన్నంలో కలిపి పెట్టాలి. అన్నమే లేదు కనుక మాత్రా లేదు. మూర్ఛ వచ్చి గడపకు తల కొట్టుకున్నాడు. ఆ మచ్చ కనుబొమ మీద ఇంకా ఉంది.

సముద్రం అవతలి ఒడ్డున ఇలాంటివారిని చూసుకునే ఆశ్రమాలున్నాయని చెప్పాను.

“అక్కడ దయచేయండి అంటారేట్రా?” అంది అమ్మ.

మరునాడు పొద్దున్న పళ్లెం పెట్టి, “అన్నయ్యా, టిఫిన్,” అన్నాను. అతను కిటికీ దగ్గర కుర్చీలోంచి నావైపు చూసి, నా వెనక ఉన్న గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. మళ్లీ కిటికీలోకి తిరిగాడు. మధ్యాహ్నం, “రా, తిను,” అన్నాను. తరువాత, “తినరా బాబూ,” అని కూడా అన్నాను. పళ్లెం తీసుకెళ్లి ఒళ్లో పెట్టబోతే చేత్తో పక్కకు జరిపాడు, కోపం లేకుండా, పొరపాటున ఎవరిదో వస్తువు తనకిచ్చినట్టు.

లోపలి గదిలో అమ్మ కూడా ఏమీ తినలేదు. నొప్పి మాత్ర ఖాళీ కడుపుతో వేసుకోకూడదు.

“నువ్వైనా తినమ్మా.”

“ఆడు తినకుండా నేనెప్పుడు తిన్నాను?”

“ఒక్కసారి పిలు. రేపటి నుంచి నేను చూసుకుంటాను.”

అమ్మ పెదాలు బిగించింది. ఆ పెదాలు నాకు తెలుసు. నాన్నగారి అప్పులవాళ్లు వచ్చినప్పుడు కూడా అలాగే బిగించేది.

సాయంత్రం పక్కవాటా ఆవిడ చేపల పులుసు గిన్నెతో వచ్చింది. “ఏటి భయ్యా, పెద్ద భయ్యా ఖానా తిన్నాడా లేదా?”

“లేదు.”

“నేను పెడతాను చూడు. ఆడదాని చెయ్యి వేరే.” అన్నయ్య ముందు చతికిలబడి గిన్నె మూత తీసి వాసన చూపించింది. “ఖాలో భయ్యా, తాజా చేప! పొద్దున్నే వలలో పడింది, మీ కోసమే పడింది.” అన్నయ్య ఆవిడ తలమీదుగా గుమ్మం వైపే చూశాడు. ఆవిడ లేచి చీర దులుపుకుంది. “బాప్‌రే! పెళ్లివారింటి మావగారు కూడా ఇంత బెట్టు చెయ్యడు. ఏటి చేస్తే లేస్తాడీయన?”

“అమ్మ ఒక మాట అంటుంది.”

“అయితే అనండి.”

నేను పులుసు గిన్నె మీద మూత పెట్టాను. లోపలి నుంచి అమ్మ గొంతు వచ్చింది: “దయచేయండి అనాలమ్మా. మా చిన్నోడి నోట్లోంచి రాదు.”

ఆవిడ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. “ఓహో, పధారియే అన్నమాట! మాట సరే భయ్యా, మరి ఈ నడుం? ఇది వంగుద్దా? కర్రకి చొక్కా తొడిగినట్టు నిలబడి పళ్లెం పడేస్తే, నాకైనా ముద్ద దిగదు.” గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

చీకటి పడుతుండగా అన్నయ్య చేతివేళ్లు వణకడం మొదలైంది. మూర్ఛకు ముందు అలాగే వణుకుతాయి. అమ్మకు చెప్పాను. ఆమె కళ్లు మూసుకుంది. కంటి చివర నుంచి నీరు చెవిలోకి జారుతోంది. ఒక్క పిలుపు ఆమె గొంతు దాకా వచ్చి ఆగడం చూశాను. చేత్తో నోరు నొక్కుకుంది. ఇప్పుడు ఆమె పిలిస్తే అన్నయ్య తింటాడు. ఆ తరువాత ఎప్పటికీ నా పిలుపుకు లేవడు. అది ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

నేను వంటగట్టు దగ్గరికి వెళ్లాను. ఆ పులుసుతో అన్నం కలిపాను, మాత్ర పొడిచేసి మొదటి ముద్దలో పెట్టాను. పీట వాల్చాను. వంటాయన చేసినట్టే పళ్లెం కింద నేల తడిచేసి తుడిచాను. పళ్లెం పెట్టడానికి వంగవలసి వచ్చింది. తరువాత గుమ్మంలోకి వెళ్లి, వంటాయన ఎక్కడ నిలబడేవాడో అక్కడ, అతనిలా నడుముకు చుట్టడానికి ఉత్తరీయం లేదు కనుక చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అన్నయ్య అప్పటికే తల తిప్పి చూస్తున్నాడు.

“వడ్డన అయింది... బాబుగారూ.” ఊపిరి తీసుకున్నాను. “దయచేయండి.”

అతను లేవలేదు. నన్ను చూస్తూనే ఉన్నాడు. వేళ్ల వణుకు మణికట్టు దాకా వచ్చింది. లోపలి గదిలో మంచం కిర్రుమనడం కూడా ఆగిపోయింది. మళ్లీ అన్నాను, ఈసారి తల వంచి. నేల మాత్రమే కనబడుతోంది నాకు. కుర్చీ జరిగిన చప్పుడైంది. తువ్వాలు దులిపిన చప్పుడు. నా పక్కనుంచి అడుగులు.

కళ్లెత్తేసరికి పీట మీద ఉన్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగాడు. ఇంకా అక్కడే నిలబడ్డ నన్ను చూసి, ఎడమచేతి వేళ్లు రెండు ఎత్తి గాలిలో విదిలించాడు. నాన్నగారు వంటాయనతో ‘ఇక చాలు, నువ్వు వెళ్లు’ అనడానికి అచ్చంగా అలాగే విదిలించేవారు.

లోపల అమ్మ నవ్వింది. నవ్వుకి తుంటి కదిలి కెవ్వుమంది. కెవ్వుమంటూనే మళ్లీ నవ్వింది. “పొమ్మన్నాడేట్రా?”

“పొమ్మన్నాడు.”

“అయితే పో. బండి పిలు. నాకూ రెండు ముద్దలు పెట్టు ముందు, మాత్ర వేసుకోవాలి.”

పక్కవాటా ఆవిడ, వాళ్లాయన, బండివాడు కలిసి అమ్మను కుర్చీతో సహా ఎత్తారు. ముందు గదిలోంచి వద్దంది అమ్మ. “పెరటి వైపు నుంచి తియ్యండి. వడ్డన మధ్యలో లేపకూడదు ఆణ్ణి.” కుర్చీ ఇరుకు సందులో గోడలకు తగులుతూ పోయింది. ఆమె చప్పుడు చేయలేదు. అన్నయ్య తల ఎత్తకుండా చేపముల్లు ఏరుకుంటున్నాడు.

అమ్మ కర్రతో తిరిగి వచ్చింది. ఇప్పుడు కిటికీ దగ్గర అన్నయ్య పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కానీ మళ్లీ పిలవలేదు. వంటిల్లు నాది, గుమ్మం నాది. పక్కవాటా ఆవిడ గోడ మీదుగా, “పధారియే అయిందా భయ్యా?” అని రోజూ అడుగుతుంది. మా ఇంటి పనుల గురించి పక్కవాళ్లు అడగడం మా వంశంలో అలవాటు లేదని ఒకసారి చెప్పాను. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

నాకు వంగడం ఇప్పటికీ సరిగా రాదు. పళ్లెం నేలకు తగిలి కాస్త చప్పుడవుతుంది. అప్పుడు బాబుగారు మచ్చ ఉన్న కనుబొమ ఎత్తి నావైపు చూస్తారు. నేను పళ్లెం ఎత్తి, చప్పుడు లేకుండా మళ్లీ పెడతాను.