ఆర్థర్ గారి గదిలో తడి

దేవుణ్ణి నమ్మేదాన్ని కాబట్టి దయ్యాలనూ నమ్ముతాననుకుంటారు చాలామంది. నేనెప్పుడూ నమ్మలేదు. నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించిన అమ్మ, భయం వేస్తే ముందు లైటు వేసి చూడమని, తర్వాతే ప్రార్థన చేసుకోమని నేర్పింది. అందుకామెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో నర్సింగ్ చదివే రోజుల్లో ఒక వృద్ధాశ్రమంలో ట్రైనింగ్ వేశారు. అక్కడ నర్సుగా ఉన్న నరసాపురం సలోమి ఆంటీ నన్ను కూతురిలా చూసుకున్నారు.

నాకప్పగించిన వారిలో ఆర్థర్ గారు ఒకరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశారు. ఓడ మునిగితే బయటపడ్డారు. ఇప్పుడు కాళ్లు చచ్చుబడ్డాయి, డాక్టర్లు ఆశ వదిలేశారు. అయినా ఆయన మంచం మీద వెనక్కి వాలేవారు కారు. కన్ను మూతపడితే చీకట్లో ఒంటరిగా పోతానని భయం. ఆ మనిషికి ఒక్కసారైనా కంటినిండా నిద్ర ఇవ్వమని రోజూ దేవుణ్ణి అడిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆయన మంచం పక్కన ఒక యువకుడు కూర్చుని ఉండడం వరండాలోంచి చూశాను. తెల్ల చొక్కా, పాస్టర్లు పెట్టుకునే కాలరు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. అది డ్రై సీజన్, నెలల తరబడి చినుకు లేదు. విజిటర్ బ్యాడ్జీ కూడా లేదు. నేను లోపలికి వెళ్లేసరికి కుర్చీ ఖాళీ. రిసెప్షన్‌లో అడిగితే ఎవరూ రాలేదన్నారు.

నాకు అనుమానం పట్టుకుంది. చావుకు దగ్గరైన వాళ్లను మాయమాటలతో లోబరచుకునే వాళ్ల గురించి విని ఉన్నాను. మర్నాడూ కనిపించాడు. తోటలో పైపు నీళ్లకు తడిశాడేమో, పక్క తలుపులోంచి వస్తున్నాడేమో అనుకుని వెళ్లి చూశాను. ఆ తలుపుకు తాళం వేసే ఉంది. ఆంటీకి చెబితే నవ్వేశారు.

"ఎవరో ఫాదర్‌గారు అయ్యుంటార్లేవే. నువ్వేంటి, పోలీసులా కాపలా?"

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన కోసం ప్రార్థిద్దామని గదికి వెళ్లాను. చెప్పులతో ప్రార్థనలో నిలబడడం మా ఇంట్లో లేదు. ఆశ్రమంలో మాత్రం డ్యూటీలో బూట్లు విప్పకూడదని రూలు. అయినా గుమ్మం దగ్గర బూట్లు, మేజోళ్లు విప్పి, తలమీద స్కార్ఫు కప్పుకుని లోపలికి అడుగుపెట్టాను.

పాదాలు తడిశాయి. నీళ్లు గోరువెచ్చగా, జిడ్డుగా ఉన్నాయి. డీజిల్ లాంటి వాసన.

అతను ఉన్నాడు, ఆర్థర్ గారి చెయ్యి పట్టుకుని. ఆర్థర్ గారు కళ్లు మూసుకుని ఉన్నారు. మిమ్మల్ని లోపలికి ఎవరు పంపారని గట్టిగానే అడిగాను. అతను నావైపు తిరగలేదు.

"ఈయన నడవగలరా?" అన్నాడు.

"నడవలేరు."

"అయితే నేనుంటాను."

బెల్లు నొక్కడానికి గోడవైపు తిరిగాను. మళ్లీ చూస్తే ఎవరూ లేరు. నేల పొడిగా ఉంది. నా పాదాలు మాత్రం నల్లగా ఉన్నాయి.

సబ్బుతో పోలేదు. ఆంటీ కొబ్బరినూనె రాసి తుడిచారు. "ఏ మెకానిక్ షెడ్డుకెళ్లావే? బూట్లిప్పావని తెలిస్తే ఫెయిల్ చేస్తారు నిన్ను" అని గొణుగుతూ, ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ వాసన చూశారు.

సాయంత్రం టీ తాగిస్తుంటే ఆర్థర్ గారే చెప్పారు. ఓడకు దెబ్బ తగిలినప్పుడు ఆయన చిన్న గాయంతో కింది అంతస్తులో, వైద్యం చేసే గదిలో ఉన్నారట. ఓడ ఇంజను నూనె కలిసిన నీళ్లు లోపలికి వస్తుంటే, ఓడలోని పాదిరిగారు పైనుంచి కిందికి దిగి వచ్చి, ఒక్కొక్కరినీ ఒకటే అడిగారట: నడవగలవా? నడవగలమన్న వాళ్లను భుజమిచ్చి నిచ్చెన ఎక్కించారు. నడవలేని వాళ్ల దగ్గరే ఉండిపోయారు. మళ్లీ పైకి రాలేదు.

"నేను నడవగలనన్నాను. నడవలేనంటే నాకోసమూ ఉండేవాడా అని బతుకంతా ఆలోచించాను," అన్నారు. టీ కప్పు పక్కకు నెట్టి, "మంచం వాల్చమ్మా, పడుకుంటాను," అన్నారు.

హాయిగా నిద్రపోయారు. తెల్లవారాక ఆ నిద్రలోనే వెళ్లిపోయారు.

మగతలో మా మాటలు విని, వాటిని పాత జ్ఞాపకంతో కలిపి చెప్పారేమోనని ఎన్నోసార్లు అనుకున్నాను. అలాగైతే నా కాళ్లకు అంటిన ఆ నల్ల నూనె ఎక్కడిదో తెలియదు. ఆ రోజు అతన్ని పంపించేయాలన్న కోపంలో "నడవగలరు, మీరు వెళ్లండి" అనడానికి నోరు తెరిచాను. ఎందుకో నిజమే వచ్చింది. అందుకు దేవునికి స్తోత్రం. అబద్ధం చెప్పి ఉంటే ఆ పాదిరిగారు లేచి వెళ్లిపోయేవారా అన్నది మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.